నొప్పిని దించుట – మందును దించుట

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలయందు సాహిత్యమును గుఱించియో, గ్రంథాలయోద్యమమును గుఱించియో ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగమునకు మాత్రము శస్త్రచికిత్స పిమ్మట కలుగు నొప్పియు, దానికిచ్చు తీవ్రమైన మందులును, ఆ మందులను క్రమముగా మానుకొను విధానమును విషయముగా గైకొనబడినవి. ఇది గ్రంథాలయమునకు పరాయి విషయము కాదు. ఏలయన, పట్టణపు ఆసుపత్రినుండి ఇల్లు చేరిన రోగి తలగడ క్రింద ఒక కాగితముండును. మందుల పేర్లు, వేళలు, మోతాదులు దానిపై వ్రాసియుండును. పెద్దలు ఆ కాగితమును చదివి చెప్పుమని పిల్లల నడుగుదురు. పిల్లలకు తెలియనిచో పఠనమందిరమున పత్రిక చదువుకొనువారి నడుగుదురు. చదువు నేర్చినవాని బాధ్యత అచ్చటనే మొదలగును.

ఒక తరము క్రిందట శస్త్రచికిత్సయన్న ఊరంతయు చెప్పుకొను వింత. నేడట్లు కాదు. మోకాలి కీలుమార్పిడి, తుంటియెముక అతుకు, హెర్నియా, అపెండిసైటిస్, గర్భసంచి తొలగింపు, సిజేరియను కాన్పు – వీనిలో ఏదో యొకటి జరుగని ఇల్లు అరుదు. రోగి కొలదిదినములలోనే ఇంటికి వచ్చుచున్నాడు. తక్కిన చికిత్సయంతయు ఇంటిలో, ఇంటివారి చేతులమీదుగా జరుగవలసినదే. ఆ ఇంటి చికిత్సలో రెండు పొరపాట్లు తఱచు జరుగుచుండును. ఒకటి మందనిన వెఱపు. రెండవది మందుమీది మరులు.

ఒక ఊరిలో, ఒకే వీధిలో, ఒకే సంవత్సరమున ఇద్దఱు పెద్దలకు మోకాలి కీలుమార్పిడి జరిగినది. మొదటియాయన మంచి రైతు, మాటపట్టింపు గలవాడు. ఆసుపత్రివారిచ్చిన మాత్ర నల్లమందు జాతిదని ఎవరో చెప్పగా విని, ఇంటికి వచ్చిన దినముననే ఆ పొట్లమును పెంటకుప్పలో పాఱవేయించెను. నొప్పికి తాళలేక కాలు కదల్చలేదు. వ్యాయామము చేయింప వచ్చిన ఫిజియోథెరపీ కుఱ్ఱవానిని గుమ్మమునుండియే త్రిప్పి పంపెను. ఆఱు వారములు గడచునప్పటికి మోకాలు బిగిసి, పీటమీద కూర్చుండుట యటుండగా కుర్చీలో కూర్చుండుటకైనను వంగకపోయెను. వైద్యుడు మరల మత్తునిచ్చి ఆ కాలిని వంచవలసి వచ్చెను.

రెండవయాయన బియ్యపు మిల్లులో గుమాస్తాగా పనిచేసి విరమించిన నెమ్మదస్థుడు. వైద్యుడు వ్రాసిన రెండు వారములు మాత్రలను వేళ తప్పక వేసికొనెను. నొప్పి తగ్గినది. కాని మాత్ర వేసికొన్న రాత్రి నిద్ర హాయిగా నుండుటచే, పాత చీటీని చూపి మఱికొన్ని తెప్పించుకొనెను. అట్లు రెండు నెలలు గడచినవి. తిరునాళ్ళ దినములలో మందుల దుకాణము మూసియుండుటచే మాత్రలు అయిపోయినవి. మఱునాటి రాత్రి ఆవులింతలు, ముక్కు కారుట, చెమటలు, ఒడలు గగుర్పొడుచుట, కడుపులో మెలిపెట్టుట, కాళ్ళు ఒకచోట నిలువకపోవుట మొదలైనవి. ఇంటివారు విషజ్వరమనుకొనిరి. పొరుగువారు, “మందుకు మరిగినాడు” అని గుసగుసలాడిరి. ఆ మాట చెవినిబడిన పెద్దమనిషి సిగ్గుచే మూడు దినములు వీధి తలుపు తీయనీయలేదు.

మొదటివాడు అవివేకి కాడు. రెండవవాడు దుర్వ్యసని కాడు. ఇద్దఱికిని కావలసిన నాలుగు మాటలు సకాలమున చెప్పినవారు లేకపోవుటయే లోపము. ఆ మాటలను చెప్పుటకే ఈ ప్రసంగము.

సహనము ఎంతవఱకు?

నొప్పి నోర్చుట పౌరుషమని పలువురి నమ్మకము. భారతమున కర్ణుని కథ యెల్లరెఱిగినదే. గురువు తన తొడపై తలయుంచి నిద్రించుచుండ, కీటకమొకటి ఆ తొడను తొలిచినను కర్ణుడు కదలలేదు. ఆ ఓర్పు అతనికి వరమును తేలేదు; పరశురాముని శాపమును తెచ్చెను. అంపశయ్యపై నున్న భీష్ముని కడకు దుర్యోధనుడు శల్యములను తీయు వైద్యులను తోడితెచ్చెను. పితామహుడు వారిని సత్కరించి పంపివేసెను. కాని భీష్ముడు ఇచ్ఛామరణము గలవాడు. మఱునాడు లేచి నడువవలసిన పని ఆయనకు లేదు. సంసారికి ఆ సౌకర్యము లేదు. అతడు లేవవలెను, దగ్గవలెను, నడువవలెను.

కడుపుపై కోత పడినవాడు నొప్పికి వెఱచి గట్టిగా ఊపిరి తీయడు, దగ్గడు. ఊపిరితిత్తులలో కఫము నిలిచి న్యుమోనియా రావచ్చును. కాలికి శస్త్రచికిత్స జరిగినవాడు కదలక పడుకొనినచో కాలి సిరలలో రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు ప్రాకినచో ప్రాణాపాయము. కావున మందు వేసికొనుట సుఖముకొఱకు మాత్రమే కాదు, కదలికకొఱకు. నొప్పి పూర్తిగా శూన్యము కానక్కఱలేదు. లేచి నడచుటకు, దగ్గుటకు, నిద్రించుటకు వీలైనంత తగ్గిన చాలును. ఈ గుఱి మనస్సులో నాటుకొన్నచో మితి దానంతట అదే తెలియును.

పూర్వవృత్తాంతము

శస్త్రచికిత్సకు ముందు మద్యము అలవాటున్నవానికి తీక్ష్ణమైన మద్యమును త్రాగింపవలెనని సుశ్రుతసంహిత విధించుచున్నది. శస్త్రపు బాధ తెలియకుండుటయే దాని ప్రయోజనము. నల్లమందు శార్‌ఙ్గధరసంహితలో అహిఫేనమను పేర కనబడును. 1805 ప్రాంతమున జర్మనీలో సెర్టూర్నర్ అను మందులు కూర్చువాడు నల్లమందునుండి దాని సారమును వేఱుచేసి, గ్రీకుల స్వప్నదేవత పేరుతో దానికి పేరిడెను. అదియే మార్ఫిను.

1811 లో ఫానీ బర్నీయను ఆంగ్ల నవలారచయిత్రికి పారిసునగరమున రొమ్ముకు శస్త్రచికిత్స జరిగినది. మత్తుమందు లేని కాలము. మెలకువగా నుండియే ఆమె ఆ కోతను భరించి, కొన్ని నెలల పిమ్మట దానిని తన సోదరికి లేఖలో వ్రాసెను. అటుపిమ్మట ఆమె 1840 వఱకు జీవించెను. 1846 లో అమెరికాలోని బోస్టనునగరమున మార్టన్ ఈథరు వాసన చూపి శస్త్రచికిత్స చేయవచ్చునని బహిరంగముగా నిరూపించెను. 1888, 1889 సంవత్సరములలో క్లోరోఫారమును పరీక్షించు సంఘములు హైదరాబాదుననే, నిజాము ప్రభుత్వపు ద్రవ్యసహాయముతో, డాక్టరు ఎడ్వర్డ్ లారీ పూనికపై పనిచేసినవి. కత్తి నొప్పి ఆ విధముగా జయింపబడెను. కత్తి తీసిన పిదప మిగులు నొప్పి మాత్రము ఇంటివఱకు వెంటవచ్చుచున్నది.

నొప్పి పుట్టు తీరు

కోసిన చోట కండరములు, చర్మము గాయపడి, అచ్చట ప్రోస్టాగ్లాండినులను పదార్థములు పుట్టును. అవి నరముల కొనలను రేపి, వాపును కలిగించును. నరములు ఆ వార్తను వెన్నుపాములోనికి, వెన్నుపాము మెదడులోనికి చేరవేయును. ఆస్పిరిను ఈ పదార్థముల పుట్టుకనే ఆపునని 1971 లో జాన్ వేన్ నిరూపించెను. 1982 లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. వెన్నుపాములో నొప్పివార్తకు ఒక తలుపువంటిది కలదనియు, అది కొంత మూసికొనుచు, కొంత తెఱచుకొనుచు నుండుననియు 1965 లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. మెదడులో నల్లమందు జాతి మందులకు ప్రత్యేకమైన స్థానములున్నవని 1973 లో తేలినది. శరీరము తనకు తానే అట్టి శమనద్రవ్యములను తయారుచేసికొనునని 1975 లో వెల్లడియైనది. ఈ విషయము చివర మరల అక్కఱకు వచ్చును.

త్రోవ పొడవున పలుచోట్ల అడ్డగింపదగిన శత్రువును ఒకేచోట ఎదిరించుట యుద్ధనీతి కాదు. వాపువద్ద ఒక మందు, నరమువద్ద ఒక మందు, మెదడువద్ద ఒక మందు కొంచెము కొంచెముగా వాడినచో, ఏ యొక్కటియు అధికముగా వాడనక్కఱలేదు. 1990 దశకమునందు డెన్మార్కు శస్త్రవైద్యుడు హెన్రిక్ కేలెట్ ప్రభృతులు ఈ పద్ధతిని ప్రచారమునకు తెచ్చిరి. నేడు పెక్కు ఆసుపత్రులలో ఇదియే అనుసరింపబడుచున్నది.

మందులు మూడు తెగలు

మొదటిది పారసిటమాల్. ఇది పునాది. నొప్పి ముదిరిన పిమ్మట కాక, వైద్యుడు చెప్పిన వేళల ప్రకారము వేసికొన్నచో తక్కిన మందుల బరువును తగ్గించును. పెద్దలకు దినమునకు 4 గ్రాములు మించరాదు. 500 మిల్లీగ్రాముల మాత్రలైనచో ఎనిమిది, 650 మిల్లీగ్రాములవైనచో ఆఱు – ఇది హద్దే కాని విధి కాదు. కాలేయవ్యాధి గలవారికిని, మద్యపానము చేయువారికిని, బక్కచిక్కిన వృద్ధులకును హద్దు ఇంతకంటె తక్కువ. దానిని వైద్యుడే నిర్ణయింపవలెను. ఒక చిక్కు కలదు. ట్రమడాల్‌తో కలిపిన మాత్రలలోను, జలుబు మాత్రలలోను గూడ పారసిటమాల్ ఉండును. పేర్లు వేఱైనను సరుకు ఒక్కటియే కావచ్చును. అట్టమీది చిన్న అక్షరములను చదివి కూడిక వేయనివాడు తెలియకయే హద్దు దాటును.

రెండవది వాపు తగ్గించు తెగ – ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మున్నగునవి. ఇవి మేలైన మందులే. కాని కడుపులో పుండు, మూత్రపిండవ్యాధి, గుండెజబ్బు ఉన్నవారికిని, రక్తము పలుచబడుటకు మందు వాడువారికిని ఇవి కీడు చేయవచ్చును. పరగడుపున వేసికొనరాదు. ఈ తెగలోనివి రెండు ఒకేసారి వాడరాదు.

మూడవది నల్లమందు జాతి – ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిను మున్నగునవి. పెద్ద శస్త్రచికిత్స పిమ్మట మొదటి దినములలో ఇవి గొప్ప ఉపకారులు. వీని దోషములను గూడ ఎఱుగవలెను. వాంతి, తలతిప్పుట, మలబద్ధకము కలుగును. మోతాదు మించినచో మగత కమ్మి, ఊపిరి మందగించును. మద్యముతోగాని, నిద్రమాత్రలతోగాని కలిసినచో ఈ అపాయము అనేక రెట్లు పెరుగును. ట్రమడాల్ కొందఱిలో మూర్ఛను గూడ తెప్పింపవచ్చును. మూర్ఛరోగము గలవారును, దిగులు తగ్గుటకు మందులు వాడువారును ఆ సంగతి వైద్యునకు ముందే చెప్పవలెను. రోగి పిలిచినను లేవక, గురక వింతగా మాఱి, ఊపిరి మెల్లబడి, కంటిపాపలు సూదిమొనవలె చిన్నవైనచో అది హాయినిద్ర కాదు. తత్‌క్షణమే 108 కి ఫోను చేయవలెను.

కంచె చేనును మేయుట

కాపలాకు పెట్టిన కంచెయే చేనును మేసిన కథలు చరిత్రలో కలవు. 1884 లో కొకెయినునకు తగిలిన చోట స్పర్శను హరించు శక్తి కలదని వెల్లడికాగా, న్యూయార్కు శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ దానిని తన శరీరముపై పరీక్షించుకొని దానికి బందీయయ్యెను. ఆ బంధమునుండి విడిపింపబోయిన చికిత్సలో మార్ఫిను తగులుకొనెను. ఆయన పిదప జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి ప్రధాన శస్త్రవైద్యుడై, శస్త్రచికిత్సలో రబ్బరు చేతితొడుగులను ప్రవేశపెట్టి, ఎందఱకో గురువయ్యెను. అయినను మార్ఫిను ఆయనను వీడలేదు. సహచరుడైన ఆస్లర్ వైద్యుడు రహస్యముగా వ్రాసియుంచిన ఆ వృత్తాంతము 1969 లో గాని లోకమునకు తెలియలేదు. అంతటి విద్వాంసునకే తప్పనిది సామాన్యునకు సిగ్గుచేటని యెంచుట న్యాయము కాదు.

రెండవ కథ ఒక దేశమునది. 1996 లో అమెరికాలో ఆక్సీకాంటిన్ అను దీర్ఘకాలము పనిచేయు మాత్ర బజారునకు వచ్చెను. దీనికి అలవాటుపడు భయము తక్కువయని చేసిన ప్రచారము తప్పుడుదని 2007 లో దానినమ్మిన పర్డ్యూ సంస్థ కంపెనీయు, దాని ముగ్గురు అధికారులును న్యాయస్థానమున ఒప్పుకొనిరి. ఇండ్ల అలమరలలో మిగిలిపోయిన మాత్రలు పిల్లల చేతులలో, చుట్టముల చేతులలో పడినవి. పిమ్మట దొంగచాటు హెరాయిను, ఫెంటానిల్ వచ్చినవి. 2021 లో ఆ దేశమున మాదకద్రవ్యముల మోతాదు మించి మరణించినవారు లక్షకు పైబడిరి.

దీనినుండి మందునే నిషేధింపవలెనని తీర్మానించుట మఱియొక తప్పు. మన దేశముననే ఘాజీపూరు, నీముచ్ పట్టణములలో ప్రభుత్వపు నల్లమందు కర్మాగారములున్నవి. ఐనను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు కఠిన నిబంధనలవలన పుట్టకురుపుతో బాధపడు రోగులకు మార్ఫిను దొరకుట దుర్లభమయ్యెను. కేరళలో డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్ మున్నగువారు ఏండ్లతరబడి కృషి సల్పగా, 2014 లో ఆ చట్టము సవరింపబడి నిబంధనలు సడలింపబడినవి. 2018 లో ట్రమడాల్ ఆ చట్టము క్రిందికి వచ్చెను. కావున వైద్యుని చీటీ లేనిదే ఆ మాత్రను అడుగుటయు, అమ్ముటయు రెండును తప్పే. మందు వేఱు, దుర్వినియోగము వేఱు. వెఱచి పాఱవేయుటయు, మరులుకొని పట్టుకొనుటయు ఒకే అజ్ఞానమునకు రెండు ముఖములు.

మెట్లు దిగు విధము

1986 లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పుట్టకురుపు నొప్పికి మూడు మెట్ల క్రమము నేర్పఱచెను. అచ్చట రోగము ముదిరినకొలది పైమెట్టునకు ఎక్కుట. శస్త్రచికిత్సలో ఇది తలక్రిందులు. మొదటి దినమే పైమెట్టు. గాయము మానినకొలది క్రిందికి దిగవలెను. దిగునపుడు మొదట వదలవలసినది నల్లమందు జాతి మాత్ర. పిమ్మట వాపుమందు. తుదకు పారసిటమాల్. పునాదిని ముందే పెఱికివేసి గోడను నిలుపబోవువాడు బలమైన మందును విడువజాలడు.

ఒకటి రెండు మాటలు ఇచ్చట విడదీసి తెలిసికొనవలెను. కొన్నాళ్ళు వాడినపిమ్మట అదే మాత్ర మునుపటివలె పనిచేయకపోవుట యొకటి. మానినచో శరీరము తిరుగబడుట రెండవది. హాని కలుగుచున్నను ఆ మందుకొఱకు పరితపించి వెదకుట మూడవది. మొదటి రెండును శరీరధర్మములు, ఎవరికైనను కలుగవచ్చును. మూడవదియే వ్యసనము, అదియు ఒక వ్యాధి, చికిత్స గలది. గుమాస్తాగారికి కలిగినది రెండవది. పొరుగువారు దానికి మూడవదాని పేరు పెట్టిరి.

నాలుగైదు దినములు మాత్రమే వాడినవాడు నొప్పి తగ్గినపుడు సామాన్యముగా ఒక్కసారిగా మానవచ్చును. వారములకొలది వాడినవాడు ఒక్కసారిగా మానరాదు. పెద్ద అప్పును వాయిదాలమీద తీర్చునట్లు దింపుకొనవలెను. ఉదాహరణమునకు, రెండు మూడు వారములుగా దినమునకు నాలుగు మాత్రలు వాడుచున్నవానికి వైద్యుడు రెండు మూడు దినములు మూడు చొప్పున, పిమ్మట అన్నే దినములు రెండు చొప్పున, పిమ్మట ఒకటి చొప్పున తగ్గించి, తుదకు ఆపివేయుమని చెప్పవచ్చును. పగటి మాత్రలను ముందు తగ్గించి, వ్యాయామమునకు ముందుదియు, రాత్రిదియు చివరకు ఉంచుకొనుట సుకరము. నెలలకొలది వాడినవానికి వారమునకో, అంతకు మించిన గడువునకో పదియవవంతు చొప్పున తగ్గింపవలసి రావచ్చును. ఒక మెట్టువద్ద తట్టుకొనలేనిచో ఆ మెట్టుననే కొన్నాళ్ళు ఆగుట ఓటమి కాదు. దీర్ఘకాలము పనిచేయు మాత్రలను విఱుచుటగాని, నూఱుటగాని కూడదు. ఒకేసారి మందంతయు ఒంటికెక్కును. ఈ లెక్కలన్నియు దారి తెలియుటకు చెప్పినవి. ఎవరి లెక్కను వారి వైద్యుడే వేయవలెను.

చిట్టా వ్రాయుట

జమాఖర్చు వ్రాయని సంసారము ఎట్లు నిలువదో, చిట్టా లేని చికిత్సయు అట్లే. ఒక చిన్న పుస్తకమున నిలువుగీతలు గీసి వ్రాయవలసినవి ఇవి: వేళ, కదలకున్నపుడు నొప్పి సున్ననుండి పదివఱకు ఎన్ని మార్కులు, నడచినపుడు ఎన్ని, ఏ మాత్ర, ఎన్ని అడుగులు నడచినది, నిద్ర, విరేచనము. నాలుగు దినములకే నిజము బయటపడును. నొప్పి రెండు మార్కులుండగా మాత్ర పడినదన్నచో అది నొప్పికొఱకు కాదు, నిద్రకొఱకో దిగులుకొఱకో పడినది. దానికి వేఱు ఉపాయము వెదకవలెను. మగతలో, “మాత్ర వేసికొంటినా?” అని రోగి తానే మఱచి రెండవసారి వేసికొను ప్రమాదమును గూడ ఆ పుస్తకమే తప్పించును.

మందు కాని మందులు గూడ కలవు. దగ్గునపుడు తలగడను కడుపు కుట్లపై అదిమి పట్టుకొన్నచో నొప్పి తగ్గును. గంటగంటకు పదిసార్లు నిండుగా ఊపిరి తీయవలెను. ఆసుపత్రివారిచ్చిన మూడు బంతుల గొట్టము అందులకే. మోకాలిపై గుడ్డలో చుట్టిన మంచుముక్కలను పదిహేను ఇరువది నిమిషములుంచి తీయవలెను. కాలిని గుండెకంటె ఎత్తున దిండ్లపై ఉంచినచో వాపు దిగును. వ్యాయామమునకు అరగంటనుండి గంట ముందు మాత్ర వేసికొన్నచో కాలు వంచుట సాధ్యమగును. మలబద్ధకమునకు నీరు, పండ్లు, కూరలు మంచివే. కాని బలమైన మాత్ర వాడునంతకాలము వైద్యుడిచ్చు విరేచనపు మందు గూడ సామాన్యముగా అవసరము. పురాణశ్రవణము, పాట, మనుమల మాటలు – ఇవియు చికిత్సయే. శరీరము తనలో తానే శమనద్రవ్యములను పుట్టించుకొనునని చెప్పుకొన్నది జ్ఞాపకమున్నదికదా. నల్లమందు మాత్ర తగ్గినకొలది ఆ సహజశక్తి మరల తలయెత్తుటకు వ్యవధి కావలెను. ఆ వ్యవధి నిచ్చుటకే మెట్లు.

నొప్పి దినదినమునకు తగ్గుచు రావలెను. తగ్గిన నొప్పి మరల పెరిగినను, జ్వరము, చీము, ఎఱ్ఱదనము కనిపించినను, పిక్కలో వాపును నొప్పియు కలిగినను, రొమ్మునొప్పి, ఆయాసము వచ్చినను, కడుపు ఉబ్బి వాంతులైనను మాత్ర పెంచుట మందు కాదు. ఆసుపత్రికి పోవుటయే మందు. గాయము మానిన పిదప మూడు నెలలు దాటినను మంటవలె, విద్యుత్తు తాకినట్లు నొప్పి నిలిచినచో అది నరములకు సంబంధించినది కావచ్చును. దానికి మందులు వేఱు.

మిగిలిన మాత్రలను పొరుగువారి నడుమునొప్పికి దానము చేయరాదు. అది అన్నదానము వంటిది కాదు. పెట్టెలో తాళము వేసి, లెక్కపెట్టియుంచి, చికిత్స ముగిసినపిదప ఏమి చేయవలెనో ఇచ్చిన ఆసుపత్రినో, మందుల దుకాణమునో అడిగి వదలించుకొనవలెను. పెంటకుప్పలో వేసిన మాత్రను పసివాడైనను ఏరుకొనవచ్చును. మొదటి కథలోని రైతు చేసిన రెండవ తప్పు అదియే.

ముగింపు

గుమాస్తాగారి కథ సిగ్గుతో ముగియలేదు. నాలుగవ దినమున ఆయన మనుమరాలు, కళాశాలలో చదువుకొనుచు సెలవులకు వచ్చినది, తాతగారి మంచముకడ కూర్చుండి ఆసుపత్రి కాగితమును మొదటినుండి చివరవఱకు చదివెను. ఎన్ని మాత్రలు, ఎన్నాళ్ళు వాడినది లెక్కవేసి, వైద్యునికి దాపరికము లేక చెప్పించెను. వైద్యుడు కోపింపలేదు. మెట్లు వ్రాసియిచ్చెను. ఆ బాలిక నోటుపుస్తకమున నిలువుగీతలు గీచి తాతగారి చేతికిచ్చి, “తాతయ్యా, నలభై ఏళ్ళు మిల్లు లెక్కలు రాశారుగా, ఇది మీకొక లెక్కా?” అనెను.

అయిదు వారములు ఆ లెక్క సాగినది. ఒకచోట రెండు దినములు ఆగవలసి వచ్చెను. ఒక రాత్రి నిద్రలేక తెల్లవార్లు అరుగుమీద కూర్చుండవలసి వచ్చెను. ఆ రాత్రి ఆయనతోడ కూర్చున్నవాడు మఱెవరో కాదు, కాలు బిగిసిన రైతే. తుదిదినమున పుస్తకమున మాత్రల గడియలో సున్న పడినది. గుమాస్తాగారు కలము మూసి, “ఖాతా కొట్టెయ్యి తల్లీ” అనెను.

ఆ ఇద్దఱును ఇప్పుడు సాయంకాలముల ఒకరి వెంట ఒకరు నడచుచున్నారు. ఒకరి కాలు కొంచెము బిగువు. ఒకరి నడక కొంచెము నిదానము. ఆ వీధిలో ఎవరికి శస్త్రచికిత్స జరిగినను ముందుగా ఆ ఇద్దఱే పోయి, రోగి తలగడ క్రింది కాగితమును అడిగి చూచెదరు. గ్రంథాలయము ఒక గ్రామమునకు నేర్పదగిన విద్యలలో ఇదియు నొకటి: చేతికి వచ్చిన కాగితమును భయము లేక, బద్ధకము లేక చదువుట, తెలియనిచో సిగ్గుపడక అడుగుట, తెలిసినచో పొరుగువానికి చెప్పుట. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమునాటికి అట్టి పాఠకులతో నిండుగాక!

స్వస్తి.